లెక్క ప్రకారం గంటకు 90, చేతికొచ్చేది 67: సిమ్యులేషన్ దారి చూపుతుందా?

అసెంబ్లీ_ఆరు
అందరికీ నమస్కారం. ఆరు స్టేషన్ల అసెంబ్లీ లైన్ బాధ్యత నాది. వరసగా ప్రెస్, స్క్రూ బిగింపు, జిగురు, మూత, విద్యుత్ పరీక్ష, ప్యాకింగ్. 40 సెకన్ల సైకిల్ టైమ్‌కు డిజైన్ చేసిన లైన్ ఇది, అంటే గంటకు 90. నాలుగు నెలల షిఫ్టు రికార్డులు తీస్తే సగటు 67 దగ్గరే ఉంది. స్టాప్‌వాచ్ పట్టుకుని ఏ స్టేషన్‌ను విడిగా చూసినా 40 సెకన్లు మించదు. పరీక్షకైతే 38 సెకన్లే.

పరీక్ష స్టేషన్ ముందు ఎప్పుడు చూసినా సరుకు పేరుకుని ఉంటుంది. అందుకని రెండో పరీక్ష యంత్రం కొనాలని పైవాళ్లు దాదాపు నిర్ణయించారు. కొన్న తర్వాత కూడా ఉత్పత్తి ఇక్కడే ఆగితే జవాబు చెప్పవలసింది నేను. సిమ్యులేషన్ అంటే ముందే కంప్యూటర్‌లో లైన్‌ను నడిపి చూడటమని విన్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

వరుస_సిద్ధాంతి
కంప్యూటర్ తెరవకముందు నాలుగు అంకెలు కావాలి. ఒక్కో స్టేషన్ సగటున ఎంతసేపు పనిచేసి ఆగుతుంది, ఆగితే ఎంతసేపు ఆగుతుంది, స్టేషన్ల మధ్య ఎన్ని ముక్కలకు చోటుంది, పరీక్షలో ఎన్ని ఫెయిల్ అవుతాయి. ఇవి పెట్టండి. చాలా సందర్భాల్లో సగం రహస్యం కాగితం మీదే బయటపడుతుంది.

అసెంబ్లీ_ఆరు
లాగ్ పుస్తకం నుంచి తీసినవి. జిగురు స్టేషన్ 100 నిమిషాలు పనిచేస్తే ఒకసారి ఆగుతుంది, సగటున 18 నిమిషాలు. కారణం దాదాపు ఎప్పుడూ నాజిల్ మూసుకుపోవడమే. మిగిలిన ఐదు స్టేషన్లు ఒక్కొక్కటి 100 నిమిషాల పనికి రెండున్నర నిమిషాల లోపే ఆగుతాయి. స్టేషన్ల మధ్య రెండేసి ముక్కలకు చోటుంది, పరీక్ష ముందు మాత్రం 12కు. పరీక్షలో 8 శాతం ఫెయిల్. అవి రీవర్క్ బల్ల (లోపం సరిచేసే చోటు) మీదికి వెళ్లి మళ్లీ పరీక్షకే వస్తాయి.

వరుస_సిద్ధాంతి
అయితే చూడండి. ఫెయిలైనవి తిరిగి పరీక్షకే వస్తున్నాయి కాబట్టి ఒక మంచి ముక్కకు పరీక్ష ఖర్చు చేసే సమయం 38 కాదు. 38ని 0.92తో భాగిస్తే 41.3 సెకన్లు. అంటే గంటకు 87. మీ 90 కాగితం మీదే పోయింది.

ఇక ఆగడాలు. జిగురుకు 18, మిగిలిన ఐదింటికీ కలిపి సుమారు 12, మొత్తం 100 నిమిషాల పనికి 30 నిమిషాల నిలుపుదల. బఫర్లు, అంటే స్టేషన్ల మధ్య ముక్కలు నిలిచే చోట్లు, చిన్నవి కాబట్టి ఒకటి ఆగితే అన్నీ ఆగినట్టే అనుకుందాం. 100ని 130తో భాగిస్తే 0.77. దాన్ని 87తో గుణిస్తే 67. మీ అంకె అదే.

ఒక జాగ్రత్త. చాలామంది ఇక్కడ లభ్యతల (యంత్రం ఆగకుండా నడిచే సమయం) శాతాలను ఒకదానితో ఒకటి గుణిస్తారు. 95 శాతం లభ్యత ఉన్న ఐదు యంత్రాలకు అలా చేస్తే 77.4 వస్తుంది. కానీ ఒకటి ఆగినప్పుడు మిగిలినవి ఖాళీగా ఉంటాయి, ఖాళీగా ఉన్న యంత్రం మామూలుగా చెడిపోదు. నిలుపుదల నిష్పత్తులను కూడాలి, గుణించకూడదు. ఒక్కోదానికి 95కు 5, ఐదింటికి 26.3 శాతం; 100ని 126.3తో భాగిస్తే 79.2 శాతం.

ఇప్పుడు అసలు సంగతి. ముందూ వెనకా అనంతమైన బఫర్ పెట్టినా జిగురు స్టేషన్ ఒక్కటే 90ని 1.18తో భాగించినంత, అంటే 76కు మించి ఇవ్వదు. పరీక్ష యంత్రాలు పది కొన్నా పైకప్పు 76 దగ్గరే ఉంటుంది.

అసెంబ్లీ_ఆరు
ఇది చదివి చాలాసేపు కుర్చీలోంచి కదలలేదు. నాలుగు నెలలుగా వెతుకుతున్న అంకె మూడు వరుసల్లో వచ్చింది. మరి పరీక్ష ముందు సరుకు పేరుకోవడం మాటేమిటి? అది కళ్లారా చూస్తున్నదే.

నేలమీద_నడక
చోటున్న చోటే పేరుకుంటుంది. మీ లైన్‌లో 12 ముక్కలు నిలబడగల స్థలం ఒక్కటే ఉంది, అది పరీక్ష ముందు. మిగతా చోట్ల రెండు నిండగానే వెనక స్టేషన్ చేతులు కట్టుకుని నిలబడుతుంది. దాన్ని ఎవరూ పేరుకోవడం అనరు, ఎందుకంటే కళ్లకు కనిపించదు.

రేపు ఒక పని చేయండి. జిగురు స్టేషన్ ఆగినప్పుడు అందరూ దాని చుట్టూ చేరతారు. మీరు మాత్రం పరీక్ష దగ్గరకు వెళ్లి నిలబడండి. 12 ముక్కలు, ఒక్కోటి 38 సెకన్లు. ఏడున్నర నిమిషాల్లో ఆ కుప్ప మాయమవుతుంది. ఆ తర్వాత మిగిలిన పది నిమిషాలూ పరీక్ష ఆపరేటర్ ఖాళీగా ఉంటారు. ఆ పది నిమిషాలు మీ పైవాళ్లు ఎప్పుడూ చూసి ఉండరు.

తొలి_అడుగు
ఈ రంగానికి కొత్త. కాగితం మీద ఇంత తేలిపోయాక సిమ్యులేషన్ ఎందుకు? స్ప్రెడ్‌షీట్ చాలదా?

వరుస_సిద్ధాంతి
మంచి ప్రశ్న. నా లెక్క రెండు హద్దులు చెప్పింది, బఫర్ అసలు లేకపోతే 67, అనంతంగా ఉంటే 76. నిజమైన లైన్ మధ్యలో ఎక్కడో ఉంటుంది. బఫర్ 12 నుంచి 25 చేస్తే ఎంత పెరుగుతుంది, దాన్ని జిగురు తర్వాత పెట్టాలా ముందు పెట్టాలా, మెకానిక్ ఒక్కరే ఉన్నప్పుడు రెండు స్టేషన్లు ఒకేసారి ఆగితే ఏమవుతుంది, ఇవన్నీ కలిసినప్పుడు సూత్రం చేతులెత్తేస్తుంది. సిమ్యులేషన్ పని అక్కడ మొదలవుతుంది.

స్ప్రెడ్‌షీట్‌లో అందరూ సగటులతో పనిచేస్తారు. సగటు దాచేది ఎక్కువ. ఒక యంత్రం 80 శాతం పనిభారంతో ఉందనుకోండి. అదే హెచ్చుతగ్గులతో భారం 90కి చేరితే దాని ముందు నిరీక్షణ రెండింతలకు పైగా, 95కు చేరితే దాదాపు ఐదింతలు అవుతుంది. గణిత శాస్త్రవేత్త కింగ్‌మన్ 1961లో ఇచ్చిన నిరీక్షణ సూత్రంలో ఆ గుణకాలు వరసగా 4, 9, 19. గీత సూటిగా పైకి వెళ్లదు, గోడలా లేస్తుంది.

సంఘటనల_జాబితా
తొలి_అడుగు గారికి లోపల జరిగేది చెబుతాను, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. ఇందులో గడియారం సెకను సెకనుకూ నడవదు. రాబోయే సంఘటనల జాబితా ఒకటి ఉంటుంది. 3వ స్టేషన్‌లో ముక్క పూర్తయ్యే క్షణం, 5వ స్టేషన్ ఆగే క్షణం, మెకానిక్ వచ్చే క్షణం. ప్రోగ్రామ్ అన్నిటికన్నా ముందున్నదాన్ని తీసి, గడియారాన్ని ఒక్క గెంతులో అక్కడికి జరిపి, దాని ఫలితంగా పుట్టే కొత్త సంఘటనలను జాబితాలో చేరుస్తుంది. ఒక నెల ఉత్పత్తి కొన్ని సెకన్లలో పూర్తి కావడం అందువల్లే.

ఈ ఆలోచన ఫ్యాక్టరీ నేల మీదే పెరిగింది. 1950లలో బ్రిటన్‌లో యునైటెడ్ స్టీల్ కంపెనీస్‌లో కె.డి. టోచర్ ఉక్కు కర్మాగారాలను అనుకరించడానికే తన ప్రోగ్రామ్ రాశారు. 1960లలో ఆస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో డాల్, నైగార్డ్ ఇలాంటి మోడళ్లు రాయడానికే సిమ్యులా భాషను తయారుచేశారు. ఇవాళ సాఫ్ట్‌వేర్ వాళ్లు రోజూ వాడే ఆబ్జెక్టులు, క్లాసులు అందులోంచే వచ్చాయి.

ఉపకరణాలు అంటారా, కోడ్ రాయగలిగితే పైథాన్‌లో సిమ్‌పై ఉచితం. బొమ్మలు లాగి అమర్చుకోవాలంటే జామ్‌సిమ్ కూడా ఉచితమే. డబ్బు పెట్టేవారికి అరీనా, ప్లాంట్ సిమ్యులేషన్, ఫ్లెక్స్‌సిమ్, ఎనీలాజిక్ ఉన్నాయి. ఈ లైన్‌కు ఏదైనా చాలు.

కాలిన_చేయి
నా అనుభవం చెప్పి తీరాలి. గతంలో నేను పనిచేసిన చోట కొత్త లైన్‌కు మోడల్ చేయించారు. తెర మీద బొమ్మలు కదులుతుంటే గది మొత్తం మైమరచిపోయింది. ఫోర్క్‌లిఫ్ట్‌లు మలుపు తిరగడం కూడా చూపించారు. అంకెలు ఎక్కడి నుంచి తెచ్చారని ఒక్కరూ అడగలేదు, నేనూ అడగలేదు. యంత్రం అమ్మినవారి పత్రంలో ఉన్న లభ్యతనే వేశారని లైన్ మొదలైన రెండు నెలలకు తెలిసింది. అప్పటికి కాంక్రీటు ఆరిపోయింది, బఫర్ పెంచడానికి చోటు లేదు.

అందుకే చెబుతున్నాను, యానిమేషన్ చివర చేయండి. మొదట మీ మోడల్ నిన్నటి లైన్‌ను తిరిగి చెప్పగలుగుతోందో లేదో చూడండి. 67 ఇవ్వని మోడల్‌ను రేపటి గురించి ఒక్క మాట కూడా అడగకండి.

వరుస_సిద్ధాంతి
దానికన్నా ముందు ఇంకొక పరీక్ష. రెండే స్టేషన్లతో చిన్న మోడల్ చేయండి. రెండింటికీ ఒకే సగటు, సమయాలు ఎక్స్‌పొనెన్షియల్ (చిన్నవి ఎక్కువ, పెద్దవి అరుదుగా వచ్చే యాదృచ్ఛిక పంపిణీ), మొదటిదానికి సరుకు ఎప్పుడూ సిద్ధం. మధ్యలో బఫర్ లేకపోతే ఒక్క స్టేషన్ వేగంలో సరిగ్గా మూడింట రెండు వంతులు రావాలి. ఒక్క ముక్కకు చోటిస్తే నాలుగింట మూడు, రెండింటికి ఇస్తే ఐదింట నాలుగు. జవాబు ముందే తెలిసిన ఈ లెక్కను మీ మోడల్ తప్పితే కోడ్‌లో ఎక్కడో పొరపాటుంది. మొదటి బఫర్ ముక్క ఇచ్చిన లాభం పదో ముక్క ఇవ్వదని కూడా ఇందులోనే కనిపిస్తుంది.

విస్తరణ_రేఖ
గణాంకాల వైపు నుంచి కొన్ని మాటలు.

18 నిమిషాలు అనే సగటును అలాగే మోడల్‌లో పెట్టకండి. 100 నిమిషాలకోసారి 18 నిమిషాలు ఆగే యంత్రం, 10 నిమిషాలకోసారి 1.8 నిమిషాలు ఆగే యంత్రం లభ్యతలో సమానం. కానీ రెండోదాన్ని మీ 12 ముక్కల బఫర్ పూర్తిగా మింగేస్తుంది, మొదటిదాన్ని మింగలేదు. ప్రతి నిలుపుదల నిడివినీ విడివిడిగా రాసి గ్రాఫ్ గీయండి. మరమ్మతు సమయాలకు సాధారణంగా కుడివైపు పొడవైన తోక ఉంటుంది, లాగ్‌నార్మల్ అనే పంపిణీ తరచుగా కుదురుతుంది.

మోడల్ ఖాళీ లైన్‌తో మొదలవుతుంది కాబట్టి తొలి గంటల అంకెలు నమ్మదగినవి కావు. ఉత్పత్తి రేటు నిలకడకు వచ్చేదాకా వదిలేయండి. ఒక్క రన్‌తో నిర్ణయం తీసుకోకండి. వేర్వేరు యాదృచ్ఛిక సంఖ్యలతో కనీసం 20, 30 సార్లు నడిపి సగటుతోపాటు విశ్వాస అంతరం (అసలు సగటు ఉండగల హద్దులు) కూడా చూపండి. రెండు ప్రతిపాదనలను పోల్చేటప్పుడు మాత్రం రెండింటికీ అవే యాదృచ్ఛిక సంఖ్యలు ఇవ్వండి. అప్పుడు రెండు లైన్లూ ఒకే రకమైన చెడ్డరోజును ఎదుర్కొంటాయి, తేడా వచ్చిందంటే అది చాలావరకు ప్రతిపాదన వల్లే.

రాత్రి_షిఫ్టు_మెకానిక్
నేను మరమ్మతులు చేసేవాణ్ని, మోడళ్లు చేసేవాణ్ని కాదు. లాగ్ పుస్తకం గురించి చెబుతాను. అందులో 10, 15, 20 అని తప్ప 13 అనో 17 అనో ఎప్పుడైనా చూశారా? యంత్రం నడిచాక, చేతులు కడుక్కున్నాక, గుర్తుతెచ్చుకుని రాస్తాం. ఐదు నిమిషాల లోపు ఆగితే అసలు రాయం. పైగా ఆ 18 నిమిషాల్లో నేను నాజిల్ విప్పి కడిగేది ఏడెనిమిది నిమిషాలు. మిగిలింది నన్ను వెతకడానికీ, నేను నడిచి రావడానికీ పట్టిన సమయం. రెండూ కలిపి మరమ్మతు అంటే మందు తప్పుగా పడుతుంది.

విస్తరణ_రేఖ
ఈ టపాను ముద్రించి గోడకు అంటించుకోవాలి. అసెంబ్లీ_ఆరు గారూ, నిరీక్షణ సమయాన్ని, మరమ్మతు సమయాన్ని వేరు చేయండి. మోడల్‌లో మెకానిక్‌ను విడిగా ఒక వనరుగా పెట్టండి. వీలైతే రెండు వారాలపాటు యంత్రం కంట్రోలర్ నుంచే ఆగిన క్షణం, నడిచిన క్షణం తీసుకోండి.

అసెంబ్లీ_ఆరు
మూడు వారాల తర్వాత వస్తున్నాను. అందరికీ కృతజ్ఞతలు, ప్రతి సూచనా పాటించాను.

రెండు స్టేషన్ల పరీక్షలో మొదటిసారి నాకు 0.71 వచ్చింది. ఆగిన ముక్క స్టేషన్‌ను పట్టుకుని ఉండాల్సింది పోయి నా కోడ్‌లో వదిలేస్తోంది. సరిచేశాక 0.667 వచ్చింది. ఆ పరీక్ష చేయకపోయి ఉంటే ఈ తప్పు చివరిదాకా నాతోనే వచ్చేది.

కంట్రోలర్ నుంచి తీసిన సమయాలతో పూర్తి లైన్ మోడల్ 30 రన్‌ల సగటు 67.9 ఇచ్చింది. అదే రెండు వారాల్లో నిజమైన లైన్ ఇచ్చింది 67.2. తర్వాత ప్రశ్నలు అడిగాను. రెండో పరీక్ష యంత్రం పెడితే 69.8. పరీక్ష ముందు బఫర్‌ను 12 నుంచి 25 చేస్తే 69.1. మెకానిక్‌ను జిగురు స్టేషన్ పక్కనే ఉంచితే 72 దాటుతోంది. రెండో యంత్రం కొనవద్దని నివేదిక రాస్తున్నాను.

రాత్రి_షిఫ్టు_మెకానిక్
నివేదిక పంపేముందు ఒక్క మాట. మీ మోడల్‌లో నాజిల్ ఎప్పుడు మూసుకుపోతుంది?

అసెంబ్లీ_ఆరు
100 నిమిషాల పనికి ఒకసారి, యాదృచ్ఛికంగా. స్టేషన్ ఖాళీగా ఉన్న సమయం లెక్కలోకి రాదు. వరుస_సిద్ధాంతి గారు చెప్పినట్టే.

రాత్రి_షిఫ్టు_మెకానిక్
మీది రెండు భాగాలు కలిసే జిగురేనా? అయితే ఆ లెక్క తిరగబడుతుంది. రెండు భాగాలూ కలిశాక నాజిల్‌లో కదలకుండా ఉంటే గట్టిపడటం మొదలవుతుంది. నేను చూసే యంత్రంలో నాలుగైదు నిమిషాలు చాలు. పనిచేస్తున్నప్పుడు అది మూసుకుపోగా నేను దాదాపు చూడలేదు. విరామం తర్వాత, లేదా తర్వాతి స్టేషన్ నిండిపోయి జిగురు ఆగి మళ్లీ మొదలైనప్పుడు మూసుకుపోతుంది. మీ దగ్గర సమయాలు ఉన్నాయి, ఒకసారి చూడండి.

వరుస_సిద్ధాంతి
ఖాళీ యంత్రం మామూలుగా చెడిపోదని రాసింది నేనే. ఈ స్టేషన్‌కు ఆ మాట వర్తించకపోతే నా 76 పైకప్పు కూడా నిలవదు, ఎందుకంటే నిలుపుదలల సంఖ్య లైన్ మిగతా భాగాల మీద ఆధారపడుతుంది. దయచేసి చూసి చెప్పండి.

అసెంబ్లీ_ఆరు
చూశాను. రెండు వారాల్లో 78 సార్లు మూసుకుపోయింది. అందులో 61 సార్లు, దానికి ముందు పది నిమిషాల్లో స్టేషన్ నాలుగు నిమిషాలకు పైగా ఖాళీగా ఉంది. నేను మూడు వారాలు తిప్పిన మోడల్ 67.9 సరిగ్గానే ఇచ్చింది, కారణం మాత్రం తప్పు.

మోడల్ మార్చాను. జిగురు నాలుగు నిమిషాలకు మించి ఖాళీగా ఉంటే మూసుకుపోయే అవకాశం పెరిగేలా పెట్టాను. ఇప్పటి లైన్‌కు దాదాపు అదే అంకె, 67.5. కానీ ప్రతిపాదనల ఫలితాలు మారిపోయాయి. రెండో పరీక్ష యంత్రం 69.8 కాదు, 72.6 ఇస్తోంది. పరీక్ష దగ్గర సరుకు నిండి జిగురు స్టేషన్ ఆగిపోవడం తగ్గడమే కారణం. అంటే పైవాళ్ల ఊహలో నిజం ఉంది, వాళ్లు చెప్పిన కారణంతో కాకపోయినా.

కాలిన_చేయి
ఈ రెండు మోడళ్లూ నిన్నటి లైన్‌ను సరిగ్గా చెప్పాయి, రేపటి గురించి వేరువేరుగా చెప్పాయి. 67 ఇవ్వని మోడల్‌ను నమ్మవద్దని నేను పైన రాశాను. 67 ఇచ్చినంత మాత్రాన కూడా నమ్మకూడదని ఇప్పుడు చేరుస్తున్నాను. ఒక్క అంకెతో సరిపోల్చడం చాలదు. గంట గంటకూ ఉత్పత్తి ఎలా ఊగుతోంది, ఆగడాలు గుంపులుగా వస్తున్నాయా, బఫర్ ఎంతసేపు ఖాళీగా ఉంటోంది, ఇవి కూడా కలవాలి. మొదటి మోడల్‌లో ఆగడాలు విడివిడిగా వచ్చి ఉంటాయి, మీ నిజమైన లైన్‌లో గుంపులుగా.

నేలమీద_నడక
నాజిల్ ఖాళీగా ఉన్నప్పుడు మూడు నిమిషాలకోసారి కొంచెం జిగురు బయటికి వదిలేలా పెడితే? చాలా యంత్రాల్లో ఆ ఏర్పాటు ఉంటుంది, టైమర్ మాత్రం ఎవరో ఆపేసి ఉంటారు, జిగురు వృథా అవుతోందని.

అసెంబ్లీ_ఆరు
ఉంది. ఆపేసి ఉంది. ఎవరు ఎప్పుడు ఆపారో తెలియదు. మోడల్‌లో పెట్టి చూస్తే 74.3.

తొలి_అడుగు
అంటే కొత్త యంత్రం ఇచ్చేదానికన్నా ఒక టైమర్ ఎక్కువ ఇస్తోందా? రెండూ కలిపితే?

అసెంబ్లీ_ఆరు
రెండూ కలిపితే 78 పైచిలుకు. కానీ ముందు టైమర్ పెట్టి, ఒక నెల చూసి, ఆ తర్వాతే కొనుగోలు గురించి మాట్లాడదామని ఒప్పించాను. రెండు మోడళ్లూ పక్కపక్కన చూపించాను, మొదటిది ఎందుకు తప్పో కూడా చెప్పాను. ఆ తప్పు దాచి ఉంటే రెండోదాన్ని ఎవరూ నమ్మేవారు కాదనిపించింది.

అసెంబ్లీ_ఆరు
నెల గడిచింది. టైమర్ నడుస్తోంది. లైన్ సగటు 73.1. రాత్రి_షిఫ్టు_మెకానిక్ గారికి నా నమస్కారాలు. నాజిల్ మూసుకుపోవడం షిఫ్టుకు ఒకటికి దిగింది.

ఇప్పుడు పరీక్ష ముందు కుప్ప నిజంగానే కరగడం లేదు. జిగురు ఆగినా అక్కడ సరుకు ఉంటోంది. ఈసారి బాటిల్‌నెక్ (లైన్ వేగాన్ని పట్టి ఉంచే స్టేషన్) పరీక్షేనని మోడలూ చెబుతోంది, నేల మీద నిలబడి నేనూ చూశాను. రెండో యంత్రం కాగితాలు మళ్లీ బల్ల మీదికి వచ్చాయి.

వరుస_సిద్ధాంతి
యంత్రానికి ముందు ఆ 8 శాతం చూడండి. ఇప్పుడు పరీక్షలో పోయే ప్రతి సెకనూ లైన్ మొత్తం పోగొట్టుకునే సెకను. ఫెయిల్ 8 నుంచి 3కు దిగితే మంచి ముక్కకు 41.3 సెకన్లు కాస్తా 39.2 అవుతుంది. అప్పుడు పరీక్ష 40 సెకన్ల లోపలికి వచ్చేస్తుంది.

రాత్రి_షిఫ్టు_మెకానిక్
ఫెయిలైనవాటిలో ఎన్ని, రీవర్క్ బల్ల మీద ఏమీ చేయకుండానే రెండోసారి పాస్ అవుతున్నాయి? పరీక్ష ఫిక్స్చర్‌లో (ముక్కను పట్టుకునే అమరికలో) దానికి తగిలే కాంటాక్ట్ పిన్నులు చివరిసారి ఎప్పుడు మార్చారు?

అసెంబ్లీ_ఆరు
రీవర్క్ బల్ల దగ్గర ఆ సంఖ్య ఎవరూ రాయడం లేదు. రేపు ఉదయం షిఫ్టు నుంచి రాయిస్తాను. పిన్నుల సంగతి ఇప్పుడే వెళ్లి చూస్తాను.